క్రియాశబ్దము జాతిశబ్దమైన విధము: స్టువర్టుపురపు పట్టికయు, యూదుల చిహ్నమును

శబ్దము అర్థమును బోధించుటకు నిమిత్తములు నాలుగని మహాభాష్యమునఁ బతంజలి నిర్ణయించెను. అవి జాతి, గుణము, క్రియ, యదృచ్ఛ. గోవు జాతిశబ్దము, శుక్లము గుణశబ్దము, పాచకుఁడు క్రియాశబ్దము, డిత్థుఁడు వక్త యిచ్చచొప్పునఁ బెట్టిన పేరు. వంట మానినవానిని పాచకుఁడనుట ఉపచారము. ఎన్నఁడును పొయ్యి ముట్టింపని వాని కుమారుని పాచకుఁడనుట ఉపచారమునకును అందదు. ఈ న్యాయముచొప్పున చోరశబ్దమును క్రియాశబ్దమే. దొంగిలించినవాఁడు చోరుఁడు, దొంగిలింపనివాఁడు చోరుఁడు కాఁడు, చోరుని బిడ్డ బిడ్డయే. శబ్దశాస్త్రమునఁ దొలిమెట్టు నెక్కిన విద్యార్థికిని తెలిసిన యీ భేదమును రాజశాసనములు చెఱిపివేసిన కాలము కలదు. ఆ చెఱుపు గుంటూరు మండలమున ఎట్లు జరిగెనో, ఇంచుమించుగా ఆ కాలముననే జర్మనీ దేశమున యూదులపట్ల ఎంత ఘోరముగాఁ బరిణమించెనో కలిపి పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

గుంటూరునుండి చేబ్రోలుమీఁదుగాఁ బొన్నూరునకును, అటనుండి బాపట్లకును పోవు త్రోవ ఆంధ్రదేశమునఁ బండితులకు సుపరిచితము. పొన్నూరునకు రైలుదారి నిడుబ్రోలువద్దఁ గలదు. ఆ యినుపదారిని చీరాలదిక్కుగాఁ బోఁగా బాపట్ల దాఁటినంతనే స్టువర్టుపురమను చిన్న స్టేషను వచ్చును. చుట్టునున్న యూళ్ల పేరులకు దేవతయో, చెఱువో, చెట్టో, గ్రామకర్తయో మూలమై యుండఁగా, ఈ యూరి పేరు మద్రాసు గవర్నరుయొక్క కార్యనిర్వాహకసభలో సభ్యుఁడగు సర్ హెరాల్డు స్టువర్టునుండి వచ్చినది. ఊరిలోనివారు పెట్టుకొన్న పేరు కాదు. వారిని అచ్చట నుంచినవారు పెట్టినది.

ఆ యూర నుంచఁబడినవారు ఎఱుకలవారు. వారు తమ్ముఁ దాము కుర్రు అని చెప్పుకొందురు. వారి యింటిభాష తమిళమునకు దగ్గఱిది. ఎఱుక యనఁగా జ్ఞానము. సోది చెప్పు స్త్రీలనుబట్టి కులమునకీ పేరు వచ్చినదని వాడుకలోని వ్యుత్పత్తి. యక్షగానములలో ఎఱుకసాని రాని కథ యరుదు. శ్రీనివాసుఁడే ఎఱుకత వేషమున ఆకాశరాజు నగరు సొచ్చెనని తిరుమల భక్తులు నేఁటికిని చెప్పుకొందురు. సోదితోపాటు వారికి ముఖ్యమైన జీవనము సంచారవర్తకము. ఎడ్లమీఁదను గాడిదలమీఁదను సముద్రతీరపు టుప్పును లోనాటికిఁ జేర్చి, అచ్చటి ధాన్యమును తీరమునకుఁ దెచ్చెడివారు. ఈఁతబరికెలతోను వెదురుతోను బుట్టలు, గంపలు అల్లి గ్రామములలో నమ్మెడివారు. బండి పోని యూరికి ఉప్పు చేరవలెనన్న వారి పెరికలే దిక్కు.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ జీవనము మూఁడు వైపులనుండి దెబ్బతినెను. ఉప్పు ప్రభుత్వపు గుత్తసొత్తై పన్నునకు లోఁబడెను. ఇనుపదారులు ఉప్పును ధాన్యమును వేగముగా మోయసాగెను. అడవి శాసనములు వెదురునకును పశువులమేఁతకును అడ్డువచ్చెను. బ్రదుకుదెరువు పోయిన సంచారులలోఁ గొందఱు దొంగతనమునకు దిగిరనుట కాదనరాదు. అయినను కొందఱు చేసిన పని అందఱి పుట్టుకకుఁ గుణమైన తీరు విచారింపఁదగినది. 1892లో మద్రాసు పోలీసు అధికారియగు మల్లాలీ ఈ రాజధానిలోని నేరస్థజాతులనుగూర్చి యొక పుస్తకము వెలువరించెను. 1909లో థర్‌స్టను ప్రకటించిన దక్షిణదేశ కులవివరణగ్రంథములోఁ గొరవలప్రకరణము మిక్కిలి విపులమైనది. అందు వారి నేరములకు గొప్ప చోటు దొరకెను. శాసనము రాకముందే గ్రంథములు వారికి లక్షణము వ్రాసియుంచినవి.

నేరస్థజాతుల శాసనము మొదట 1871లో ఉత్తరహిందూస్థానమునకై పుట్టెను. నేతగానికొడుకు నేతగాఁడును వడ్రంగికొడుకు వడ్రంగియు నైనట్లు దొంగకొడుకు దొంగ యగునని దానిని సమర్థించినవారి వాదము. ఈ దేశపు వృత్తిధర్మమును తామెఱుఁగుదుమనుకొన్న వారి యెఱుక యింతే. 1911నాఁటి 3వ చట్టముచే నది మద్రాసు రాజధానితోఁగూడ బ్రిటిషు ఇండియాకంతకు వ్యాపించెను. 1924నాఁటి 6వ చట్టమున మఱల సంస్కరింపఁబడెను. ఒక తెగ గాని, ముఠా గాని, వర్గము గాని జామీనుకు వీలుకాని నేరములను పరిపాటిగాఁ జేయుచున్నదని నమ్ముటకుఁ గారణమున్నచో, స్థానికప్రభుత్వము గెజెటులోఁ బ్రకటనచేసి దానిని నేరస్థజాతి యనవచ్చును. ఆ ప్రకటన చెల్లునా చెల్లదా యని యే న్యాయస్థానమును విచారింపఁగూడదు.

లక్షణమునకు మూఁడు దోషములు: అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము. ఈ ప్రకటనయందు మూఁడును గలవు. జాతికి వెలుపలనున్న దొంగలనది తాఁకదు గనుక అవ్యాప్తి. దొంగిలింపనివానిని, తొట్టెలోని శిశువును సయితము తెగపేరిలోఁ గలుపుకొనును గనుక అతివ్యాప్తి. క్రియ పుట్టుకతో రాదు గనుక అసంభవము. వీనికితోడు అన్యోన్యాశ్రయమను తర్కదోషము మఱియొకటి. ఈతఁడేల నేరస్థుఁడనఁగా నేరస్థజాతిలోఁ బుట్టెను గనుక ననిరి. ఆ జాతియేల నేరస్థమనఁగా ఇట్టివారందుండుటవలన ననిరి. ఒకటి నిలుచుటకు రెండవది కావలయును. రెండవది నిలుచుటకు మొదటిది కావలయును.

ప్రకటన కాఁగానే పట్టిక ఆరంభమగును. జిల్లా మేజిస్ట్రేటు ఒక దినమును, ఒక స్థలమును నిర్ణయించును. ఆ జాతివారందఱు నచ్చటికి వచ్చి పేరు, వివరములు చెప్పి వ్రేలిముద్ర వేయవలయును. పట్టిక జిల్లా పోలీసు సూపరింటెండెంటు వశమున నుండును. పట్టికకెక్కినవాఁడు నిర్ణీతకాలములలో హాజరుచెప్పుకొనవలయును. ఉన్న యిల్లు తెలుపవలయును. ఊరు విడుచుటకుముందు తెలుపవలయును. రాత్రివేళ ఠాణావద్ద హాజరును వారికిఁ దప్పలేదు. పాసు లేక పొలిమేర దాఁటుటయే నేరము. తొలుత నేరముచేసినవాని కొఱకు పట్టిక యనిరి. తుదకు పట్టికనుబట్టియే నేరము పుట్టసాగెను. జాబితాలోని నేరములలో నొకదానికి రెండవసారి శిక్షపడినచో ఏడేండ్లకుఁ దగ్గని చెఱ, మూఁడవసారి పడినచో యావజ్జీవ ద్వీపాంతరము విధింపవచ్చునని శాసనము నిర్దేశించెను.

వ్రేలిముద్రయను నుపాయమును హిందూదేశముననే పెరిగినది. 1858లో హెర్షెలను దొర ఒడంబడికపత్రముపై అఱచేతిముద్ర వేయించెను. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము వెలసెను. ఆ ముద్రలను వర్గీకరించు పద్ధతిని సాధించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను నిద్దఱు ఉద్యోగుల శ్రమ పెద్దది. దొరకిన దొంగను గుర్తించుటకుఁ బుట్టిన యా విద్య దొంగతనము చేయనివారిని గూడ ముందుగా వ్రాసియుంచుటకు వినియోగపడెను. ముద్రవేసినవాని దేహముపై వేఱొక గుఱుతు అక్కఱలేదు. వాని వ్రేలికొనయే పోలీసుపుస్తకమునకుఁ దాళపుచెవి.

ఈ ముద్రకు జనము సులువుగా లోఁబడలేదు. మద్రాసు రాజధానిలోనే మదుర జిల్లా పెరుంగామనల్లూరున కళ్లరులు పట్టికకెక్కుటకు నిరాకరింపఁగా, 1920 ఏప్రిల్ 3వ తేదీన పోలీసులు కాల్పులు జరిపిరి. పదునాఱుగురు ప్రాణములు గోల్పోయిరి. కొందఱికి వ్రేలిముద్ర ప్రాణముకంటె గొప్ప అవమానముగాఁ దోఁచెనని యీ సంగతి తెలుపుచున్నది.

గుంటూరు మండలమున శాసనము మఱియొక మెట్టెక్కెను. నేరస్థజాతివారిని ఒక చోట నివసింపఁజేయవచ్చునను విధినిబట్టి సెటిల్‌మెంటులు వెలసినవి. 1913-14 ప్రాంతమున బాపట్లకుఁ జేరువ స్టువర్టుపురమును, బెజవాడ కెదుటి యొడ్డున సీతానగరమును సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవసంఘము చేపట్టెను; నెల్లూరు మండలమునఁ గావలిలో అమెరికను బాప్టిస్టు మిషను ఇట్టిదానినే నడపెను. సాల్వేషన్ ఆర్మీకి హిందూదేశమున మూలపురుషుఁడు పూర్వము సివిలు ఉద్యోగియైన బూత్ టక్కరు. నేరమును రోగముగా నెంచి మాన్పవచ్చునని వాదించి, ఆ చికిత్సకొక శాస్త్రనామమునే ఆయన కల్పించెను. ఆ సంఘము బడి పెట్టెను, వైద్యము చేసెను, భూములు సేద్యమునకుఁ దెచ్చెననుట నిజము. ఆ బడికి, ఆ భూమికి చుట్టును పోలీసుహాజరు కంచెగా నుండెననుటయు నిజమే. చీరాలలోని ఇండియన్ లీఫ్ టుబాకో డెవలప్‌మెంటు కంపెనీ పొగాకు కర్మాగారమునకు ఈ సెటిల్‌మెంటునుండి కూలిజనము పోయెడివారు. కదలుటకు వీలులేని కూలి కర్మాగారమునకు అనుకూలమే గదా. ఆఱేండ్లు దాఁటి పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి ప్రత్యేకపాఠశాలలలో నుంచుటకు శాసనమే యధికారమిచ్చెను. సంచారము మాన్పవలెను, బిడ్డను తల్లినుండి మఱపింపవలెను, అప్పుడు జాతి మాఱునని వారి యూహ. కాని పుట్టుకతో వచ్చినదని చెప్పిన నేరము పెంపకముతోఁ బోవునని నమ్ముటలో ఆ శాసనము తన మొదటిమాటను దానే ఖండించుకొనెను.

ఈ పట్టికలు గుంటూరున నిండుచుండఁగనే 1933లో జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చెను. అచ్చటి యూదులు సంచారులు కారు. వైద్యులు, వర్తకులు, ఉపాధ్యాయులు, సైనికులై పొరుగువారి భాషనే మాటాడుచు, పొరుగువారి దుస్తులనే ధరించుచుండిరి. యూదశబ్దము ఒక జనమునకును ఒక ధర్మమునకును గూడ వాచకము. నాజీలు దానిని రక్తమునకే పరిమితము చేసి, ఆ రక్తమునకు లోకమందలి సకలానర్థములను అంటఁగట్టిరి. అంతట వారికొక చిక్కు వచ్చెను: పగవాఁడని చెప్పినవాఁడు కంటికిఁ గనఁబడఁడు. కావున లక్షణము వ్రాయవలసివచ్చెను. 1933 ఏప్రిల్ నెలలోఁ బెద్దతల్లిదండ్రులు నలుగురిలో ఒక్కరు యూదులైనను ఉద్యోగమునకుఁ దగఁడనిరి. 1935 సెప్టెంబరు 15వ తేదీన నూరెంబర్గు శాసనములు వెలువడెను. ఆ నవంబరు 14వ తేదీ నియమములచొప్పున ముగ్గురో నలుగురో యూదులైనచో నాతఁడు యూదుఁడు, ఇద్దఱో ఒక్కరో యైనచో సంకరుఁడు. జాతి సహజమైనచో దాని లక్షణము రెండున్నర యేండ్లలో మాఱనేల?

అంతకంటె విచిత్రము ఆ పెద్దలు యూదులని తెలియుట యెట్లన్నది. వారు యూదమతసంఘమునఁ జేరియుండినచో యూదజాతివారని యెంచవలయునని నియమము. మతమునకును జాతికిని సంబంధము లేదనిన శాసనమే జాతికి మతమును బ్రమాణము చేసికొనెను. గుంటూరునఁ గనఁబడిన యన్యోన్యాశ్రయము వంటి దోషమే బెర్లినునందును గనఁబడుచున్నది.

లక్షణము వెంటఁ బట్టిక వచ్చెను. 1939 మే 17వ తేదీ జనాభాలెక్కలో ప్రతివాఁడును తన పెద్దతల్లిదండ్రుల వివరములను వేఱొక కార్డుపై వ్రాసియిచ్చెను. అంతకుముందే పేరులపై చేయి పడెను. 1938 ఆగస్టు 17వ తేదీ ఉత్తర్వుచే, యూదులకుఁ గేటాయించిన పేరుల జాబితాలో లేని పేరుగల ప్రతి యూదపురుషుఁడు ఇస్రాయేలనియు, స్త్రీ సారాయనియు 1939 జనవరి 1నుండి తమ పేరునకుఁ జేర్చుకొనవలసివచ్చెను. యదృచ్ఛాశబ్దము తల్లిదండ్రుల ముద్దు. ఒక్క వ్యక్తినే చెప్పుట దాని ధర్మము. అందఱికి నొకే పేరు పెట్టుట ఆ వ్యక్తిని జాతిలోఁ గరఁగించుటయే. పైగా ఇస్రాయేలు, సారా యనునవి వారి పురాణపురుషుల పుణ్యనామములు. పూజ్యమైనదానినే నిందాచిహ్నముగా మలఁచిరి. 1938 అక్టోబరు 5వ తేదీన వారి పాసుపోర్టులపై యూదశబ్దపు మొదటి యక్షరము ఎఱ్ఱగాఁ బడెను. గుఱుతుచీటీలపై వ్రేలిముద్రలును వేయించిరి.

కాగితముపై గుఱుతు చాలక దానిని వస్త్రమునకు దింపిరి. యూదులు వేషముచే వేఱుగాఁ దెలియవలెనని 1215లోనే రోమునందలి క్రైస్తవమహాసభ నియమించియుండెను. నాజీల గుఱుతునకు ఆ ప్రాఁతవాసన కలదు. 1939 నవంబరు 23వ తేదీన ఆక్రమితపోలండులోఁ బదియేండ్లు దాఁటిన యూదులు నీలినక్షత్రముగల తెల్లని పట్టీని చేతికిఁ గట్టవలెనని ఉత్తర్వాయెను. జర్మనీలో 1941 సెప్టెంబరు 19నుండి ఆఱేండ్లు నిండిన ప్రతి యూదుఁడును ఆఱుకోణముల పసుపునక్షత్రమును, నడుమ యూదశబ్దముతో, ఎడమరొమ్మున కుట్టుకొనవలసివచ్చెను. ఇచ్చట ఆఱేండ్ల బిడ్డను బడిపేర వేఱుచేయవచ్చుననిన శాసనమును, అచ్చట ఆఱేండ్ల బిడ్డకుఁ జొక్కాపై నక్షత్రము కుట్టించిన శాసనమును ఒకే యీడును గీఁతగా గీసినవి. తుదకు ఔష్విట్సు శిబిరమున పేరు పోయి, ముంజేతిపైఁ బచ్చబొట్టుగా అంకె మిగిలెను. యుద్ధము ముగియునప్పటికి సుమారు 60 లక్షల యూదులు హతులైరి.

ఈ రెంటికి నడుమ వంతెనవంటి జనమొకటి కలదు. ఐరోపాలో జిప్సీలనఁబడు రోమాలు సంచారులు. వారి భాష ఆర్యావర్తమునుండి పోయినది. ఏక్, దుయ్, త్రిన్ అని వారు లెక్కించుట వినినవానికి సంస్కృతసంబంధము వేఱే చెప్పనక్కఱలేదు. 1899లోనే మ్యూనిచ్ పోలీసులు వారికి ప్రత్యేకపట్టిక పెట్టిరి; 1926లో బవేరియాలో వారిపై శాసనము వచ్చెను. నాజీలు ఆ పట్టికలను సిద్ధముగా నందుకొనిరి. రోమాలలోఁ బెక్కుమంది శిబిరములలో మరణించిరి. పోలీసుల సౌకర్యమునకై వ్రాసిన జాబితా ఎవరిచేతఁ బడునో వ్రాసినవాఁడు ముందుగా నెఱుఁగఁడనుట కిదియే నిదర్శనము.

స్టువర్టుపురమును ఔష్విట్సును సమానములనుట సత్యమునకు దూరము. ఒకచోట శిక్ష, కూలి, బడి, హాజరు. వేఱొకచోట జనమునంతను నిర్మూలించు సంకల్పము. ఇచ్చటివారు జాతిని మార్పవలెననిరి. అచ్చటివారు జాతి మాఱదు గనుకఁ జంపవలెననిరి. ఈ భేదమును మఱచుట మృతులకు ద్రోహము. అయినను మెట్లక్రమము ఒక్కటే: మొదట లక్షణము, పిమ్మటఁ బట్టిక, ఆపైఁ జిహ్నము, తరువాత కదలికకు కట్టడి, తుదకుఁ బ్రత్యేకస్థలము. ఈ క్రమమునఁ జిహ్నమును గూర్చి యొకటి చెప్పవలయును. గోవునకు గంగడోలు ఎవరును కుట్టనక్కఱలేదు. భేదము నిజముగా దేహమందున్నచో నక్షత్రమేల? నేరము నిజముగా రక్తమందున్నచో గెజెటు ప్రకటన యేల? కుట్టిన గుఱుతు భేదము లేదనుటకే సాక్ష్యము.

మద్రాసు రాష్ట్రమున నేరస్థజాతుల శాసనము 1947లో రద్దయ్యెను. దేశమంతటిని గూర్చి అనంతశయనము అయ్యంగారి యధ్యక్షతను 1949-50లో విచారణసంఘము పరిశీలించి రద్దును గోరెను. 1952 ఆగస్టు 31వ తేదీన శాసనము తొలఁగెను. నాఁటినుండి వారు విముక్తజాతులు. మద్రాసులో 1948లోనే అలవాటునేరగాండ్ర శాసనము వచ్చియుండెను. అది పుట్టుకనుగాక పడిన శిక్షలను లెక్కించునది గనుక, చోరశబ్దము మఱల క్రియాశబ్దమైనదని వైయాకరణుఁడు సంతసింపవచ్చును. కాని ప్రాఁతపట్టికల నీడ తొలఁగుటకుఁ గాలము పట్టెను. 1970లలో గోరాగారి కుమారుఁడు లవణము, ఆయన ధర్మపత్నియు మహాకవి జాషువ కుమార్తెయు నగు హేమలతా లవణము స్టువర్టుపురమున సంస్కారకార్యమునకుఁ బూనుకొనిరి. నేఁడు ఎఱుకలవారు షెడ్యూల్డు తెగల పట్టికలో నున్నారు. అదియు జాతిపట్టికయే, ఐనను మొదటిది చెఱుపుటకు, రెండవది చేయూఁతకు. పట్టిక దోషము పట్టికగా నుండుటలో లేదు. దాని ప్రవృత్తినిమిత్తములోను, దానిని ప్రశ్నించు దారిలోను ఉన్నది.

పొన్నూరిలో వెలసిన భావనారాయణస్వామికి సాక్షి యని బిరుదు. ఒక వివాదమున నిజము చెప్పుటకై దేవుఁడే వచ్చి నిలిచెనని స్థలపురాణము. సాక్షి లేని తీర్పు తీర్పు కాదని యా కథ పరమార్థము. ఆ యూరికి కొన్ని క్రోసుల దూరములో, సాక్షిని పిలువక, వాదమును వినక, న్యాయస్థానమును నోరెత్తనీయక ఒక జనమునకు నేరము వ్రాసిన శాసనము దశాబ్దములు నడచెను. ఆ త్రోవముననే చేబ్రోలుచెంత కొత్తరెడ్డిపాలెమున 1980ల చివరనుండి కొన్ని తెలుఁగు కుటుంబములు తాము ఎఫ్రాయిము గోత్రపు యూదులమని చెప్పుకొని ప్రార్థనామందిరము నిలుపుకొనిరి. వారి వంశకథ చరిత్రకు నిలుచునా యనుట వేఱు విచారము. ఒకప్పుడు బలవంతముగాఁ గుట్టఁబడిన పేరును వీరు తమంతఁ దాము ధరించిరి. ఇతరులు పెట్టిన గుఱుతునకును తాము పెట్టుకొన్న పేరునకును గల దూరమును ఈ యొక్క త్రోవయే చూపుచున్నది.

శాసనము పోయి ఏఁబది యేండ్లు దాఁటినను భాషలో నది మిగిలియున్నది. 1991లో రెండు తెలుఁగు చలనచిత్రములు ఆ యూరిపేరు పెట్టుకొని వచ్చెను. దొంగకథకు ఊరిపేరే చాలునని వాని నమ్మిక. కయ్యములోను పరిహాసములోను స్టువర్టుపురమను మాటను దొంగకు పర్యాయముగా వాడువారు ఇంకను గలరు. గెజెటు విడిచినదానిని నాలుక విడువలేదు. కోశకారుఁడు ఆ మాటకు స్థలనామమను నర్థమునే వ్రాసి, తక్కినది నిందావ్యవహారమని వేఱుచేసి చూపవలయును. పాఠశాలయందు పండితుఁడు హాజరుపట్టీ చదువునపుడు ఆ యూరిపేరు విని తోడిపిల్లలు నవ్వినచో, కర్తృపదమునకును జాతిపదమునకును గల భేదమును ఆ దినమే బోధింపవలయును. ఆ పాఠమునకు అంతకంటె మంచి యుదాహరణము దొరకదు.